22 గంటల ట్రే, ఓరుగల్లు చాయ్

పళ్ళకు క్లిప్పులు వద్దు, అలైనర్లే కావాలని హనుమకొండ క్లినిక్‌లకు వచ్చేవాళ్ళు మామూలుగా మూడు సంగతులు అడుగుతారు: బయటికి కనిపిస్తాయా, నొప్పెడతాయా, ఎంతవుతుంది. రోజుకు ఎన్నిసార్లు చాయ్ తాగుతామన్నది ఎవరికీ గుర్తుకు రాదు. చికిత్స సాఫీగా సాగుతుందా, మధ్యలో మొరాయిస్తుందా అన్నది చాలామంది విషయంలో తేలేది అక్కడే.

అలైనర్ అంటే పళ్ళ వరుస మొత్తం మీద తొడుక్కునే పలచటి పారదర్శక ప్లాస్టిక్ ట్రే. మందం ముప్పావు మిల్లీమీటరుకు అటూఇటూ ఉంటుంది. పళ్ళు ఇప్పుడున్న తీరుకు కాకుండా, వచ్చే వారం రెండు వారాల్లో అవి ఎక్కడికి జరగాలో ఆ తీరుకు దాన్ని అచ్చుపోస్తారు. అందుకే తొడిగినప్పుడు బిగుతుగా ఉంటుంది, ఆ బిగుతే పళ్ళను జరుపుతుంది. ఒక్కో ట్రే ఒక పన్నును జరిపేది సుమారు పావు మిల్లీమీటరు. వారానికో రెండు వారాలకో ట్రే మారుస్తూ పోతారు. కేసును బట్టి ఇరవై ట్రేలతో అయిపోవచ్చు, యాభై దాటనూ వచ్చు. రోజుకు 20 నుంచి 22 గంటలు నోట్లో ఉండాలన్నది షరతు. తినేటప్పుడు, నీళ్ళు కాకుండా ఇంకేదైనా తాగేటప్పుడు, పళ్ళు తోముకునేటప్పుడు మాత్రమే తీయాలి. అంటే ట్రే బయట ఉండడానికి దొరికేది రెండు గంటలు, మహా అయితే నాలుగు.

ఓరుగల్లులో ఒక మామూలు ఉద్యోగి రోజును ఈ లెక్కలో పెట్టి చూడొచ్చు. లేవగానే చాయ్, పావుగంట. టిఫిన్ పాతిక నిమిషాలు. పదకొండుకు ఆఫీసు బయట బండి దగ్గర ఇంకో చాయ్, పావుగంట. మధ్యాహ్నం భోజనం నలభై నిమిషాలు. సాయంత్రం చాయ్, దానికి తోడు మిర్చీ బజ్జీ, పాతిక నిమిషాలు. రాత్రి భోజనం నలభై. కలిపితే 160 నిమిషాలు. తీసిన ప్రతిసారీ నోరు పుక్కిలించి, ట్రే కడిగి పెట్టుకోవడానికి ఐదేసి నిమిషాల చొప్పున మరో అరగంట. మొత్తం 3 గంటల 10 నిమిషాలు. అతిగా తిన్నదీ లేదు, బద్ధకించిందీ లేదు. అయినా నోట్లో ట్రే ఉన్నది 20 గంటల 50 నిమిషాలే. ఆ రోజు ఇంటికి చుట్టాలొచ్చి ముచ్చట్లలో ఒక గంట గడిచిందంటే లెక్క 20 కిందికి దిగుతుంది. చుట్టాలు రాని రోజులు ఎన్ని ఉంటాయో ఎవరి ఇంటి సంగతి వాళ్ళకే తెలుసు.

గంటల మీద ఇంత పట్టు ఎందుకు? పన్ను ఎముకలో నేరుగా పాతుకుపోయి ఉండదు. వేరుకూ దవడ ఎముకకూ నడుమ పావు మిల్లీమీటరు అటూఇటూగా ఉండే నారల పొర ఒకటి ఉంటుంది. ట్రే ఒత్తిడికి ఆ పొర ఒక పక్క నలుగుతుంది, ఇంకో పక్క సాగుతుంది. నలిగిన పక్క ఎముకను కరిగించే కణాలు చేరతాయి, సాగిన పక్క కొత్త ఎముకను కట్టే కణాలు పనిలోకి దిగుతాయి. ఒత్తిడి తగిలిన వెంటనే ఈ పని మొదలు కాదు. కొన్ని గంటలు ఆ ఒత్తిడి తెగకుండా ఉండాలి. ట్రే తీసేస్తే సాగిన నారలు పన్నును మళ్ళీ పాత చోటు వైపు లాగుతాయి. పొద్దంతా తీసిపెట్టి రాత్రిపూట మాత్రమే పెట్టుకునేవాళ్ళకు రోజూ నొప్పి కొత్తగా మొదలైనట్టు అనిపించడానికి కారణం ఇదే. పన్ను ముందుకు వెనక్కి ఊగుతుందే తప్ప ప్రయాణం చెయ్యదు.

క్లిప్పులతో ఈ గొడవ లేదు. డాక్టర్ ఒకసారి అంటించి తీగ బిగిస్తే పేషెంట్ ఇష్టం ఉన్నా లేకపోయినా 24 గంటలూ నోట్లోనే ఉంటాయి. అలైనర్లలో ఆ పెత్తనం పేషెంట్ చేతికొచ్చింది. సుఖమూ అదే, చిక్కూ అదే. ఎన్ని గంటలు పెట్టుకున్నారో ఇంట్లోవాళ్ళకు తెలియకపోవచ్చు, తర్వాతి ట్రే మాత్రం బయటపెడుతుంది. పన్ను కొసకూ ప్లాస్టిక్‌కూ మధ్య గాలి సందు కనిపిస్తే పన్ను వెనకబడిందని అర్థం. ఒక ట్రేలో కొద్దిపాటి సందు ఉంటే, 'చ్యూయీ' అనే మెత్తటి గొట్టం ముక్కను రోజుకు కొన్నిసార్లు ఐదు పది నిమిషాల పాటు కొరుకుతూ సర్దవచ్చు, ఆ ట్రేనే ఇంకొన్ని రోజులు ఎక్కువ పెట్టుకోవచ్చు. సందు అలాగే ఉండగా రెండు మూడు ట్రేలు మార్చేస్తే మాత్రం మళ్ళీ స్కాన్, మళ్ళీ కొత్త ట్రేలు, మళ్ళీ నెలల ఎదురుచూపు. పిల్లల కోసం చేసే కొన్ని ట్రేలలో, వాడేకొద్దీ వెలిసిపోయే నీలి చుక్క పెడతారు. పెద్దవాళ్ళకూ పెడితే బాగుండుననిపించే సందర్భాలు లేకపోలేదు.

ఇక చాయ్. ట్రే తీయకుండానే రెండు గుక్కలు తాగితే ఏమవుతుందన్నది ఇక్కడ అందరికీ వచ్చే సందేహం. మూడు నష్టాలున్నాయి. వేడికి ప్లాస్టిక్ ఆకారం కాస్త మారినా చాలు, పావు మిల్లీమీటరు లెక్క తప్పుతుంది. చాయ్ రంగు పట్టి, కనిపించదనుకున్న ట్రే పసుపుపచ్చగా కనిపిస్తుంది. అన్నిటికంటే పెద్దది మూడోది. మామూలుగా తీపి తిన్నాక లాలాజలం పళ్ళ మీది ఆమ్లాన్ని కడిగి విరిచేస్తుంది. ట్రే కింద చిక్కిన చక్కెర దగ్గరికి లాలాజలం సరిగా చేరదు. తీపి చాయ్ పంటికి అంటుకుని గంటల తరబడి అక్కడే నానుతుంది. వంకర తీయించుకుందామని మొదలుపెట్టి పిప్పి పళ్ళతో ముగించుకునే దారి అది. చక్కెర లేని చాయ్ అయినా వేడి, రంగు తప్పవు. చెరుకు రసం, గోలీ సోడా, కల్లు, నిమ్మరసం అన్నిటికీ ఇదే మాట. మజ్జిగకు కూడా ట్రే తీయాల్సిందే. మే నెల ఎండలో దాహమేస్తే మాత్రం చల్లటి నీళ్ళు ట్రేతోనే ఎంతైనా తాగొచ్చు.

అందుకని అలైనర్లకు అలవాటు పడడమంటే, నిజానికి, తిండివేళల్ని దగ్గరికి జరపడం. పొద్దున చాయ్‌ని టిఫిన్‌తో కలిపేస్తే ఒక విరామం తగ్గుతుంది. పదకొండు గంటల చాయ్ మానేస్తే ఇంకొకటి. సాయంత్రం చాయ్, బజ్జీ ఒకేసారి ముగించి, ఆ తర్వాత రాత్రి భోజనం దాకా నోరు మూసుకోవాలి. ఇలా చేస్తే పై లెక్కలోని 3 గంటల 10 నిమిషాలు రెండున్నర గంటలకు వస్తాయి. చాయ్ మానడం కంటే, చాయ్ కోసం బయటికి వెళ్ళి నలుగురితో నిలబడడం మానడం కష్టం. దానికి ఓ ఉపాయం, నలుగురితో వెళ్ళి నీళ్ళ బాటిల్‌తో నిలబడడమే. మొదటి వారం అందరూ ఆటపట్టిస్తారు, తర్వాత ఎవరూ పట్టించుకోరు.

ఇక నొప్పి సంగతి చెప్పుకోవాలంటే పెద్దగా లేదు. కొత్త ట్రే పెట్టిన మొదటి రెండు మూడు రోజులు పళ్ళు ఒత్తినట్టు, కొరికితే జివ్వుమన్నట్టు ఉంటుంది. పళ్ళు కొద్దిగా కదులుతున్నట్టు అనిపించినా కంగారు పడనక్కర్లేదు, జరిగే పన్ను కొంత వదులవుతుంది. కొత్త ట్రేను రాత్రి పడుకునే ముందు మొదలుపెడితే తొలి గంటల బిగుతు నిద్రలోనే గడిచిపోతుంది. మాత్ర తప్పనిసరైతే ఆర్థోడాంటిస్టులు (పళ్ళ వరుస సరిచేసే డాక్టర్లు) ఎక్కువగా ప్యారాసిటమాల్ వైపే మొగ్గుతారు. ఐబుప్రోఫెన్ లాంటివి పన్ను జరగడానికి కావలసిన వాపు రసాయనాలను తగ్గిస్తాయన్నది వాళ్ళ జాగ్రత్త. ట్రే అంచు నాలుకకో బుగ్గకో గీసుకుంటే గోళ్ళు అరగదీసుకునే ఫైలుతో మెల్లగా అరగదీయొచ్చు, క్లినిక్‌లో చూపించి నున్నగా చేయించుకుంటే ఇంకా మేలు.

తీయడం, పెట్టడం చేతికి పట్టుబడడానికి కొన్ని రోజులు పడుతుంది. పెట్టేటప్పుడు ముందరి పళ్ళ మీద ఆనించి, వేళ్ళతో వెనక్కి ఒత్తుకుంటూ పోవాలి. పళ్ళతో కొరికి కూర్చోబెట్టే ప్రయత్నం చేస్తే ట్రే పగులుతుంది. తీసేటప్పుడు వెనక దవడ పళ్ళ దగ్గర, లోపలి పక్క నుంచి గోటితో లేపాలి. ఒకే పక్క పట్టి లాగితే కొద్ది రోజులకు అంచు చీలుతుంది. గోళ్ళు పొట్టిగా ఉన్నవాళ్ళ కోసం చిన్న కొక్కేలు దొరుకుతాయి.

మాట సంగతి ఎవరూ ముందుగా ఊహించరు. త, ద, న పలకాలంటే నాలుక కొస పై పళ్ళ వెనక తగలాలి. ఇప్పుడు అక్కడ ప్లాస్టిక్ ఉంది. స పలకాలంటే పళ్ళ వెనక సన్నటి సందులోంచి గాలి పోవాలి. ఆ సందు మారింది. చాలు, జొన్నలు అన్నప్పుడు వచ్చే చ, జలకూ ఇదే ఇబ్బంది. మొదటి రోజుల్లో నోట్లో నీళ్ళూరడం కూడా ఎక్కువ, ట్రేను నోరు తిండి అనుకుంటుంది కాబట్టి. 'సమ్మక్క సారలమ్మ' అని గట్టిగా నాలుగుసార్లు అంటే తేడా ఎవరికి వారికే వినిపిస్తుంది. చాలామందికి కొన్ని రోజుల్లో, కొందరికి రెండు మూడు వారాల్లో నాలుక కొత్త చోటు వెతుక్కుంటుంది. టీచర్లు, లాయర్లు, బ్యాంకు కౌంటర్లో కూర్చునేవాళ్ళు క్లాసుకో పనికో వెళ్ళేముందు ట్రే తీసి జేబులో వేసుకోవడం మొదలుపెడతారు. అదే తప్పు. తీసేకొద్దీ నాలుకకు నేర్చుకునే అవకాశం ఉండదు, గంటలూ పోతాయి. ఇంట్లో పొద్దున పేపరు ఒక పేజీ పైకి చదివితే త్వరగా దారికొస్తుంది. వీలుంటే మొదటి ట్రేను శుక్రవారం రాత్రో సెలవుల ముందో మొదలుపెట్టడం తెలివైన పని.

అలైనర్లు కనిపించవన్న మాట పూర్తిగా నిజం కాదు. ట్రే పన్నును పట్టుకుని తిప్పడానికి పంటి మీద పంటి రంగులోనే ఉండే కాంపోజిట్ అనే ఫిల్లింగ్ పదార్థంతో చిన్న బొడిపెలు అంటిస్తారు. వీటిని అటాచ్‌మెంట్లు అంటారు. దగ్గర నుంచి చూస్తే కనిపిస్తాయి, ట్రే తీసినప్పుడు పెదవికి గరుకుగా తగులుతాయి. చోటు చాలని పళ్ళ మధ్య ఎనామిల్‌ను, అంటే పంటి గట్టి పైపొరను, మిల్లీమీటరులో కొద్ది వంతు అరగదీయడం కూడా ఉంటుంది. దీనికి భయపడేవాళ్ళు ఉంటారు గానీ, కొలిచి చేస్తే ఇబ్బంది లేని పని.

ట్రే తీసి తింటాం కాబట్టి ఏదైనా తినొచ్చని అమ్మేవాళ్ళు చెబుతారు. అటాచ్‌మెంట్లున్న నోటికి అది సగం నిజమే. సంక్రాంతి సకినాలు, అంచు మాడిన సర్వపిండి, వానాకాలం కాల్చిన మక్క కంకి, చెరుకు గడ, ఎండు కొబ్బరి, వీటిని ముందరి పళ్ళతో కొరికితే బొడిపె ఊడుతుంది. ఊడితే కొంప మునిగేదేమీ లేదు గానీ, ఆ పన్ను మీద ట్రే పట్టు సడలుతుంది, మళ్ళీ క్లినిక్‌కు పోవాలి. సకినాలు విరిచి దవడ పళ్ళతో నమలొచ్చు, మక్క గింజలు వలిచి తినొచ్చు. జొన్నరొట్టెను కూరలో నాననిచ్చి తింటే కొత్త ట్రే నొప్పి రోజుల్లో కూడా ఇబ్బంది ఉండదు. పాత వరంగల్ జిల్లాలోనూ ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన ఊళ్ళున్నాయి. ఫ్లోరోసిస్ గట్టిగా ఉన్న ఎనామిల్‌కు కాంపోజిట్ అంత బాగా అంటదు. పళ్ళ మీద గోధుమరంగు మచ్చలున్నవాళ్ళు అటాచ్‌మెంట్లు పదేపదే ఊడే అవకాశం గురించి ముందే డాక్టర్‌తో మాట్లాడుకోవాలి.

పసుపు వేసిన కూర తిని కడగకుండా ట్రే పెట్టుకుంటే ట్రే రెండు రోజుల్లో పచ్చబడుతుంది. సిగరెట్, జర్దా పాన్, గుట్కా సంగతి చెప్పనక్కర్లేదు. కడగడానికి చన్నీళ్ళు, మెత్తటి బ్రష్, రంగూ వాసనా లేని సబ్బు నీళ్ళు చాలు. టూత్‌పేస్ట్‌తో తోమితే సన్నటి గీతలు పడి మసకబారుతుంది. వేడినీళ్ళు అసలే వద్దు. రామగుండంలోనో కొత్తగూడెంలోనో ఎండలో ఆపిన కారు డాష్‌బోర్డు మీద, బండి డిక్కీలో ట్రే వదిలేయడం వేడినీళ్ళలో ముంచడంతో సమానం.

పారేసుకునేవాళ్ళలో చాలామంది ఫంక్షన్ హాళ్ళలోనే పారేసుకుంటారు. భోజనానికి కూర్చుని, ట్రే తీసి, టిష్యూ పేపర్లో చుట్టి విస్తరి పక్కన పెడతారు. చేయి కడుక్కుని వచ్చేసరికి విస్తరితో పాటు అదీ పోతుంది. డబ్బా వెంట లేని రోజు ట్రే తీయకూడదన్న ఒక్క నియమం పెట్టుకుంటే ఈ నష్టం ఉండదు. కోతుల బెడద ఉన్న కాలనీల్లో కిటికీ గట్టు మీద ఆరబెట్టడం కూడా మంచిది కాదు. దాటిపోయిన ట్రేను కనీసం ఒకదాన్ని దాచి ఉంచుకోవాలి. ఇప్పటిది పోతే పాతదాన్ని పెట్టుకుని పళ్ళు వెనక్కి పోకుండా ఆపి, పాతదానితో ఆగాలా, తర్వాతిదానికి పోవాలా అని డాక్టర్‌ను అడగాలి.

పండుగల్లో తిండి కంటే చిరుతిండి పెద్ద సమస్య. బతుకమ్మ రోజుల్లో ఆట అయ్యాక పంచుకునే సత్తుపిండి, మలీద ముద్దలు ఒక్కసారి తినేవి కావు. ఒక ఇంట్లో కొద్దిగా, ఇంకో ఇంట్లో కొద్దిగా. ప్రతి ముద్దకూ ట్రే తీసి పెట్టడం ఎవరివల్లా కాదు, తీసినదాన్ని ఇంటికి వచ్చేదాకా పెట్టుకోకపోవడమే జరుగుతుంది. ప్రసాదం పొట్లాలు ఇంటికి తెచ్చుకుని భోజనంతో కలిపి తినడం ఒక దారి. రెండేళ్ళకోసారి వచ్చే మేడారం జాతరలో జనం, దుమ్ము, శుభ్రమైన నీళ్ళకు కటకట. అక్కడ బ్రష్ చేసే వీలు లేదని ట్రే తీసేసి సంచిలో వేసుకోవడం కంటే, సీసా నీళ్ళతో చేతులు కడిగి, నోరు పుక్కిలించి, ట్రే కడిగి పెట్టేసుకోవడం మేలు. బ్రష్ రాత్రికి చేసుకోవచ్చు. రంజాన్ నెలలో ఉపవాసం ఉండేవాళ్ళకు మాత్రం పగలంతా ట్రే కదలదు. ఇఫ్తార్ నుంచి సహర్ దాకా మెల్లమెల్లగా తినే అలవాటుంటే లెక్క అక్కడ చూసుకోవాలి.

ఈ పద్ధతి అంత కొత్తదేమీ కాదు. పళ్ళను రబ్బరు తొడుగుతో కొద్దికొద్దిగా జరపొచ్చని అమెరికన్ ఆర్థోడాంటిస్ట్ హెరాల్డ్ కెస్లింగ్ 1945లోనే చూపించాడు. కంప్యూటర్‌తో ట్రేల వరుసనంతా ఒకేసారి గీసే పని 1997లో కాలిఫోర్నియాలో మొదలైన అలైన్ టెక్నాలజీతో వచ్చింది. ఇన్విజలైన్ అనే బ్రాండు వాళ్ళదే. 2017లో ఆ కంపెనీ తొలి పేటెంట్లు కొన్నిటికి గడువు తీరడంతో రకరకాల బ్రాండ్లు పుట్టుకొచ్చాయి. డాక్టర్ దగ్గరికి పోకుండానే ఇంటికి ట్రేలు పంపే వ్యాపారమూ పెరిగింది. అమెరికాలో ఆ దారిలో అందరికంటే పెద్దదైన స్మైల్ డైరెక్ట్ క్లబ్ 2023 డిసెంబరులో మూతపడింది, చికిత్స సగంలో ఉన్నవాళ్ళు నడిదారిలో మిగిలారు. ఆన్‌లైన్ ఆఫర్ చూసి మొగ్గేవాళ్ళు బ్రాండ్ కంటే ముందు, కేసు చూసేది ఎవరో అడగాలి. బీడీఎస్ తర్వాత మూడేళ్ళు ఆర్థోడాంటిక్స్‌లో ఎండీఎస్ చేసినవాళ్ళు ఈ పనికి స్పెషలిస్టులు. చిగుళ్ళ జబ్బు, పిప్పి పళ్ళు ఉంటే ముందు అవి బాగు చేయాలి. షుగర్ అదుపులో లేనివాళ్ళ చిగుళ్ళు ఈ ఒత్తిడిని తట్టుకోలేవు.

ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్ళకు అలైనర్లలో ఒక మేలుంది. క్లిప్పులకు దాదాపు నెలనెలా వెళ్ళాలి. వీటికి కొన్ని ట్రేలు ఒకేసారి ఇచ్చి రెండు నెలల తర్వాత రమ్మనొచ్చు. అన్ని వంకరలకూ ఇవి సరిపోవు. గుండ్రటి కోరపళ్ళను తిప్పడం, పన్నును కిందికి లాగడం, పన్ను తీసేసిన పెద్ద సందు మూయడం ప్లాస్టిక్‌కు కష్టమైన పనులు. వాటికి క్లిప్పులే మేలని డాక్టర్ చెబితే పాతకాలం మనిషి అనుకోవద్దు. మొదటి రోజు కంప్యూటర్‌లో చూపించే వీడియో అంచనా మాత్రమే. చివర్లో మళ్ళీ స్కాన్ చేసి అదనపు ట్రేలు ఇవ్వడం మామూలే.

పెళ్ళి ఫొటోల కోసం మూడు నెలల ముందు వచ్చి తొందరపెట్టేవాళ్ళు ఎక్కువ. చిన్న సందు మూయడానికి ఆ సమయం చాలొచ్చు. గజిబిజిగా ఉన్న వరుసకు చాలదు, ట్రేలు త్వరగా మార్చినంత మాత్రాన ఎముక త్వరగా కరగదు. ముహూర్తం దగ్గర పడితే పెళ్ళయ్యాకే మొదలుపెట్టడం నయం. లేదా ఆ ఒక్క రోజు కొన్ని గంటలు తీసిపెట్టి, రాత్రికి మళ్ళీ పెట్టుకోవచ్చు.

చివరి ట్రే తీసిన రోజుతో పని అయిపోదు. నారల పొర కొత్త చోటికి సర్దుకోవడానికి నెలలు పడుతుంది, కొన్ని నారలు పన్నును పాత వంకరకు లాగుతూనే ఉంటాయి. అందుకే రిటెయినర్, అంటే జరిగిన పళ్ళను అక్కడే పట్టి ఉంచే సాధనం. మొదట్లో దాదాపు రోజంతా, తర్వాత రాత్రిళ్ళు, ఆ తర్వాత ఏళ్ళ తరబడి రాత్రి పడుకునేటప్పుడు. పళ్ళ వెనక తీగ అంటించే రకమూ ఉంది. దాని చుట్టూ గార త్వరగా పడుతుంది కాబట్టి క్లీనింగ్‌కు క్రమంగా వెళ్ళాలి. తీసిపెట్టుకునే రిటెయినర్లు కూడా అరుగుతాయి, పగులుతాయి, పోతాయి. కొత్తవి చేయించుకోవాల్సి వస్తుంది. వాటి ఖర్చు మొదట చెప్పిన మొత్తంలో కలిసి ఉందా, ఎన్ని జతల వరకు కలిసి ఉందన్నది డబ్బు కట్టకముందే కాగితం మీద రాయించుకోవాలి.